ఎండుమిర్చి కల్లంలో వాన కోసం ఎదురుచూసేదెవరు?

పోస్టు కాస్త పెద్దదే. టీ తాగుతా నిదానంగా చదవండి.

మొన్న ఆదివారం మా టౌను ఫోటోగ్రఫీ క్లబ్బులో సభ్యత్వం రెన్యువల్ చేయించుకుని ఆ 500 రూపాయల రసీదు ఇక్కడ పెట్టాను. దానికొచ్చినన్ని కామెంట్లు నేను మిరపలో తెగుళ్ళ గురించి రాసినప్పుడు కూడా రాలేదు. "బాబాయ్, పొలం అమ్మి కెమెరా కొంటున్నావా?" అని ఒకరు. "రైతుకి ఫోటోల పిచ్చి పడితే చేలో గడ్డే పండుద్ది" అని ఇంకొకరు. మా ఊరి అన్నాయ్ ఒకాయన ఫోన్ చేసి మరీ అడిగాడు, "ఏందిరా, యాభై నాలుగేళ్ళొచ్చాక పెళ్ళి ఫోటోల పని నేర్చుకుంటున్నావా?" అని.

అందరికీ విడివిడిగా రాసే ఓపిక లేదు, ఒకేసారి చెప్తా. మీ దగ్గర టౌన్లో ఇలాంటి క్లబ్బు ఉంటే రైతు అందులో చేరాలి. సరదాకి కాదు. మన బొమ్మ మనకి తెలియకుండా తీసుకెళ్ళి, దాని కింద వాళ్ళకి తోచింది రాసి గోడకి తగిలిస్తున్నారు కాబట్టి చేరాలి. ఎందుకింత గట్టిగా చెప్తన్నానో కూడా వినండి.

కిందటేడు మార్చి నెల. నాది రెండెకరాల సొంతం, రెండెకరాల కౌలు, నాలుగెకరాల్లో మిరప. రెండో కోత కాయ కల్లంలో ఎండబోశాం. మిరప పండించే ఊళ్ళవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో మా వైపు ఏ కల్లం చూసినా ఎర్ర దుప్పటి పరిచినట్టు ఉంటది. ఆ ఎరుపు కోసం టౌను నుంచి ఫోటోలు తీసేవాళ్ళు వస్తారు. ఆ రోజు పొద్దున్నే రెండు కార్లలో ఎనిమిది మంది దిగారు. మంచినీళ్ళిచ్చాం, మంచం వేశాం. మన ఇంటికొచ్చిన మనుషులు కదా.

కాసేపటికి వాళ్ళలో ఒకతను కూలికొచ్చిన ఆడవాళ్ళని అడిగాడు, "అమ్మా, ఆ గంపతో కాయలు పైకి ఎగరెయ్యండి, గాల్లో ఉన్నప్పుడు తీస్తాం" అని. పాపం వాళ్ళూ నవ్వుకుంటా నాలుగైదుసార్లు ఎగరేశారు. ఎండిన కాయని ఎగరేస్తే ఏమవుద్ది? పగిలి గింజ రాలుద్ది, తొడిమ ఊడుద్ది. యార్డులో ఆ గింజ చూసే కదా మన రేటు కోసేది. నేనొచ్చి వద్దన్నాను. "అంకుల్, న్యాచురల్‌గా ఉంటదని" అన్నాడు. నా పుట్టి బుద్ధెరిగిన కాలంలో ఎండుమిర్చి గాల్లోకి ఎగరేసిన రైతుని నేను చూడలేదు. అయినా వాళ్ళకది న్యాచురల్.

మధ్యాహ్నానికి నైరుతి మూల మబ్బు పట్టింది. మా పెద్దమ్మకి డెబ్బై దాటాయి, అయినా కల్లం కాడ ఆమే పెద్ద. ఎడమ చేత్తో పట్టా తాడు పట్టుకుని, కుడి చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని ఆ మబ్బు వంక చూస్తా, "ఒరే అబ్బాయా, తొందరగా కప్పండిరా" అని అరుస్తా ఉంది. మేం కాయ కుప్పేసి పట్టాలు కప్పే హడావిడిలో ఉన్నాం. వచ్చినవాళ్ళు నాలుగు ఫోటోలు కొట్టుకుని, చినుకు పడకముందే కార్లెక్కి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి వాన దంచింది. పట్టాల కింద నుంచి నీళ్ళు పారాయి. పదిహేను టిక్కీల కాయ తడిసింది. మళ్ళీ ఎండబోసేసరికి సగానికి పైగా తెల్లబడి తాలు అయింది. ఎర్ర కాయ రేటుకీ తాలు రేటుకీ ఎంత తేడానో ఒక్కసారి యార్డుకెళ్ళి చూడండి, తెలుస్తది.

ఆగస్టులో ఒకరోజు పురుగుమందుల షాపుకెళ్తే అక్కడ కుర్రాడు చెప్పాడు, "మీ పెద్దమ్మ ఫోటోకి ప్రైజ్ వచ్చిందంట, కళ్యాణమండపంలో పెట్టారు" అని. ఆగస్టు 19 ప్రపంచ ఫోటోగ్రఫీ దినం. 1839లో ఆ రోజున ఫ్రాన్సు ప్రభుత్వం ఫోటో తీసే పద్ధతిని లోకానికంతా బయటపెట్టింది. దాన్ని పురస్కరించుకుని క్లబ్బువాళ్ళు ఎగ్జిబిషన్ పెట్టారు. సంతోషపడి వెళ్ళా. గోడ మీద మా పెద్దమ్మ, నుదుటి మీద చెయ్యి, ముఖంలో ముడతలు, వెనకాల నల్లటి ఆకాశం. ఫోటో ఎంత బాగుందంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు కింద అట్ట మీద రాసింది చదివాను.

"వాన కోసం ఎదురుచూపు."

మిత్రులారా, మీరే చెప్పండి. ఎండుమిర్చి కల్లంలో నిలబడ్డ మనిషి వాన కోసం ఎదురుచూస్తదా? ఆమె ఆ వాన రాకూడదని ఆకాశానికి దణ్ణం పెట్టుకుంటా ఉంది. ఇంకా దగ్గరికెళ్ళి చూస్తే ఆమె ఎడమ చెయ్యే లేదు. పట్టా తాడు పట్టుకున్న చెయ్యి! ముఖం పెద్దదిగా కనపడాలని ఆ పక్క కత్తిరించేశారు. కింద ఎర్రటి కాయ కూడా లేదు. పట్టా పోయింది, కాయ పోయింది, పని పోయింది. మిగిలింది ఒక ముసలామె, ఒక మబ్బు. దానికి ఏ పేరు పెట్టినా సరిపోద్ది మరి. ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు. తీసినతని పేరు ఉంది, కెమెరా పేరు ఉంది, లెన్సు నంబరు కూడా ఉంది.

నాకు కోపం ఆగలేదు. అక్కడున్న సెక్రటరీ గారిని నిలదీశాను. ఆయన రిటైరైన లెక్చరర్, పెద్దమనిషి. నేను అరిచిందంతా విని కుర్చీ వేయించి, "మీరు చెప్పింది మాకెవరికీ తెలీదండీ. తెలిసినవాళ్ళు మాలో ఎవరూ లేరు. మీరు చేరండి" అన్నారు. వెటకారమేమో అనుకున్నా. కాదు, నిజంగానే అన్నారు. ఆ మాట నా నోరు మూయించింది. ఆ క్లబ్బులో బ్యాంకు ఉద్యోగులున్నారు, డాక్టరున్నారు, టీచర్లున్నారు, స్టూడియోవాళ్ళున్నారు. రైతుల ఫోటోలు తీసేవాళ్ళే అందరూ, రైతు ఒక్కడూ లేడు. తప్పు వాళ్ళ ఒక్కళ్ళదేనా? మనం ఎప్పుడైనా ఆ మెట్లెక్కామా?

అట్టా చేరాను. నెలకి రెండు ఆదివారాలు ఒక స్టూడియో పైన గదిలో కూర్చుంటారు. మొదటి రోజు "ఈసారి సెలూన్‌కి ఎవరెవరు పంపుతున్నారు?" అంటే క్షవరం గురించి అనుకుని బిత్తరపోయాను. ఫోటోల పోటీని వీళ్ళు సెలూన్ అంటారంట. అది తెలిశాక నేనే పడీ పడీ నవ్వాను. నా దగ్గరుంది 12 వేల రూపాయల ఫోను. ఎవరూ చిన్నచూపు చూడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. వెలుతురు ఎటునుంచి పడాలో, తెర మీద గళ్ళు పెట్టుకుని అడ్డం నిలువు ఎట్టా సరిచూసుకోవాలో, వేలితో తాకి వెలుగు ఎట్టా తగ్గించాలో ఓపిగ్గా నేర్పారు.

ఒక ఆదివారం పాత గొప్ప ఫోటోలు తెర మీద చూపించారు. అందులో ఒకటి అమెరికాది. 1936లో డొరోతియా లాంజ్ అనే ఆవిడ కాలిఫోర్నియాలో బఠాణీ కోత కూలీల గుడారాల దగ్గర తీసింది. చంటిబిడ్డ ఒళ్ళో, ఇద్దరు పిల్లలు చెరో భుజాన తల దాచుకుని, చెయ్యి చెంపకి ఆనించుకున్న ఒక తల్లి. పంట పాడైపోయి కోతల్లేక పస్తులున్న రోజులవి. "వలస తల్లి" అని లోకమంతా ఎరిగిన ఫోటో. అందరూ చప్పట్లు కొట్టారు. నేను "ఆమె పేరేందండీ?" అని అడిగా. గదిలో ఒక్కళ్ళకీ తెలీదు.

ఇంటికొచ్చి వెతికి చదివా. ఆమె పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థామ్సన్. అప్పటికి వయసు 32. ఫోటో తీసినావిడ ఆ రోజు ఆమె పేరు అడగనే లేదు. లోకానికి ఆ పేరు తెలిసింది 1978లో, అంటే 42 ఏళ్ళకి. ఆ ఫోటో వల్ల తనకి ఒక్క పైసా రాలేదని, అసలు తియ్యకపోయినా బాగుండేదని అప్పుడామె బాధపడింది. న్యాయంగా రెండో మాట కూడా చెప్పాలి. ఆ ఫోటోలు పేపర్లో పడ్డాక ప్రభుత్వం ఆ గుడారాలకి తిండి గింజలు పంపింది. కానీ ఆ వేళకి ఫ్లారెన్సూ పిల్లలూ వేరే చోటికి పని వెతుక్కుంటా వెళ్ళిపోయారు. మేలు జరిగింది, ఆమెకి కాదు.

కాబట్టి "మేం ఫోటోలు తీస్తే మీ కష్టం లోకానికి తెలుస్తది కదండీ" అనే అన్నలకి నా జవాబు ఇది. తెలుస్తది, కాదన్ను. కానీ ఏ కష్టం తెలుస్తది? పెద్దమ్మ ఫోటో చూసి ఆ హాల్లో నలుగురు పిల్లలు "పాపం, వానల్లేక రైతులు" అనుకుంటా వెళ్ళారు. మా కష్టం వాన లేకపోవడం కాదు, వాన రావడం. కల్లాలకి సిమెంటు గచ్చు లేదు, చాలినన్ని పట్టాల్లేవు, కోల్డ్ స్టోరేజీకి చేర్చే లోపే కాయ తడిసిపోద్ది. తప్పుడు పేరున్న ఫోటో తప్పుడు జాలి పుట్టిస్తది. తప్పుడు జాలితో గచ్చు పడదు, పట్టా రాదు.

ఇంకో సంగతి. ఎర్రగా ఉన్నప్పుడు ఎనిమిది మంది వచ్చారు. తడిసి తెల్లబడ్డాక ఒక్కళ్ళూ రాలేదు. తాలు కాయ ఫోటో ఎవరూ తియ్యరు, అందంగా ఉండదు కదా. ఆఖరికి మేమూ తియ్యలేదు. అదీ నన్ను ఇప్పటికీ తినేస్తున్న సంగతి. ఆ తెల్లారి కాయ ఎత్తుకునే గొడవలో పడి, చేతిలో ఫోనుండి కూడా తడిసిన కుప్పకి సరైన ఫోటో ఒక్కటి తీసుకోలేదు. తర్వాత అడిగినవాళ్ళకి చూపించడానికి నా దగ్గరున్నది మా అబ్బాయి తీసిన రెండు మసక ఫోటోలు. ఎవరి కల్లమో, ఏ రోజో, ఎంత కాయో వాటిలో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. పొద్దున్న అంత ఖరీదు కెమెరాలు ఎనిమిది మా కల్లంలో తిరిగాయి. సాయంత్రానికి మాకు సాక్ష్యం లేదు.

ఇక "రైతుకెందుకు ఫోటోలు" అన్న అన్నాయ్‌కి చెప్తన్నా. ఈ-పంటలో నమోదు చెయ్యాలంటే నిన్ను చేలో నిలబెట్టి ఫోటో తీస్తన్నారు కదా? ఫసల్ బీమా నిబంధనల్లో వడగళ్ళు పడినా, చెరువు గండిపడి చేను మునిగినా 72 గంటల్లో తెలియజేయాలని ఉంది. కోసి చేలో ఆరబెట్టిన పంట తడిస్తే కోసిన 14 రోజుల్లోపే లెక్క. ఏ పంటకి ఏది వర్తిస్తదో మీ జిల్లాలో కనుక్కోవాలి, కానీ గడియారం మాత్రం అందరికీ ఒకటే. ఆ మూడు రోజుల్లో ఆఫీసరు వస్తాడో రాడో. నీ చేతిలో ఫోను ఉంది. అది సరిగ్గా వాడటం నేర్చుకోవడం పిచ్చి ఎట్టా అవుద్ది?

2021 గుర్తు తెచ్చుకోండి. నల్ల తామర పురుగు పువ్వుల్లో చేరి మిరప తోటల్ని ఊడ్చేసిన ఏడు. పురుగు మిల్లీమీటరు ఉంటది. అందరం ముడుచుకున్న ఆకు ఫోటోలు దూరం నుంచి తీసి వాట్సాప్‌లో పంపాం. "స్పష్టంగా లేదు, మళ్ళీ పంపండి" అని జవాబు. ఈ లోపు షాపువాడు ఇచ్చిన మందల్లా కొట్టాం. పువ్వు విప్పి, తెల్ల కాయితం మీద దులిపి, దగ్గరగా తీసి పంపితే చూసేవాళ్ళకి పురుగు కనపడేది. ఫోనుకి తగిలించుకునే చిన్న భూతద్దం లెన్సు కొన్ని వందల రూపాయలకే దొరుకుద్ది. ఆ సంగతి నాకు తెలిసింది ఈ క్లబ్బులోనే, సీతాకోకచిలుకల ఫోటోలు తీసే డాక్టరు గారి దగ్గర.

నేను నేర్చుకున్నది ఇక్కడే రాసేస్తా, క్లబ్బుకి రాలేనివాళ్ళు రాసుకోండి. నష్టం జరిగితే ఫోటోలు మూడు దూరాల్లో తియ్యాలి. ఒకటి చేను మొత్తం, గట్టు మీద చెట్టో కరెంటు స్తంభమో గుర్తు పడేట్టు. రెండోది కుప్పో, సాలో. మూడోది కాయ దగ్గరగా, పక్కన అగ్గిపుల్ల పెట్టి, సైజు తెలిసేట్టు. ఎండ మన వీపు వైపో పక్క నుంచో ఉండాలి, ఎదురుగా ఉండకూడదు. జూమ్ చెయ్యొద్దు, నడిచి దగ్గరికెళ్ళండి. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆన్ చేసుకోండి. పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే సైజు తగ్గిపోద్ది, అందులో ఉన్న చోటు వివరాలూ పోతాయి. డాక్యుమెంటుగా పంపండి. అసలు ఫోటో ఫోన్లోంచి తీసెయ్యొద్దు.

"మనలాంటోళ్ళకి ఇవన్నీ వస్తాయా" అనకండి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు, బడి ముఖం చూడని దళిత రైతు స్త్రీలు వీడియో కెమెరా పట్టారు. వరంగల్ వైపు బీటీ పత్తి వేసిన రైతుల దగ్గరికి మూడేళ్ళు తిరిగి సినిమా తీశారు. నాకు బాగా నచ్చింది వాళ్ళు పెట్టుకున్న పేర్లు. మంచం మీద కూర్చున్న పటేలు కింద కూర్చున్నోళ్ళని చూసినట్టు పైనుంచి తీస్తే అది పటేల్ షాట్. బానిస తలెత్తి దొరని చూసినట్టు కింద నుంచి తీస్తే అది బానిస షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చున్నట్టు కంటికి కన్ను ఎదురుగా తీస్తే సంఘం షాట్. మా క్లబ్బులో వేలకి వేలు పోసి కొన్న పుస్తకాల్లో లేని పాఠం ఇది. ఈ మాట మొన్న క్లబ్బులో చెప్తే గది నిశ్శబ్దమైంది. ఎందుకంటే గోడ మీదున్న కల్లాల ఫోటోల్లో చాలా మటుకు పటేల్ షాట్లే.

క్లబ్బువాళ్ళకి నేను నాలుగు షరతులు పెట్టాను. ఒకటి, తియ్యబోయే ముందు అడగండి. సహజంగా రావాలంటే తీసిన వెంటనే చూపించి అడగండి, వద్దంటే తీసెయ్యండి. రెండు, ఆ మనిషి ఒప్పుకుంటే పేరు, ఊరు రాయండి. మూడు, ఏం పని చేస్తన్నారో వాళ్ళనే అడిగి దాన్నిబట్టి పేరు పెట్టండి. నాలుగు, ప్రైజ్ వచ్చినా రాకపోయినా ఒక ప్రింటు తెచ్చి ఇవ్వండి. పెద్ద గొడవే అయింది. "కళకి వివరణ అక్కర్లేదండీ, చూసేవాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటారు" అన్నారొకరు. సరే, అయితే పేరు ఎందుకు పెట్టారు? ఖాళీగా వదలాల్సింది. మీరు పేరు పెట్టాక అది మీ సాక్ష్యం. సాక్ష్యం అబద్ధమైతే అడిగే హక్కు మాకుంది. ఇంకొకరు "పల్లెటూరోళ్ళు పేరు చెప్పడానికి ఇష్టపడరు" అన్నారు. అడిగి చూశారా అంటే లేదు.

ఏడాదికి ఒకటి, నాలుగు ఒప్పుకున్నారు. పేరు, క్యాప్షన్ సంగతి ఇంకా నానుతా ఉంది. సెలూన్ పోటీల్లో అట్టాంటి పేర్లే నడుస్తాయంట. మొన్న నేను తాలు కాయ కుప్ప ఫోటో పెడితే జడ్జి గారు "సబ్జెక్ట్ ఆకర్షణగా లేదు" అని పక్కన పెట్టారు. పెట్టనీ. వచ్చే నెల మళ్ళీ పెడతా.

ఆ ఫోటో తీసిన కుర్రాడి గురించి చెప్పకపోతే పాపం. బ్యాంకులో చేస్తాడు, చెడ్డవాడు కాదు. నాలుగు నెలల తర్వాత కత్తిరించని అసలు ఫోటో ప్రింటు పట్టుకుని బండి మీద మా ఊరొచ్చాడు. "మామ్మగారూ, తప్పైంది" అన్నాడు. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఎంతోసేపు చూసింది. పట్టా మీద వేలు పెట్టి, "ఇదిగో అబ్బాయా, ఈ చిరుగులోంచేరా నీళ్ళు పోయింది. అప్పుడే చూసుకుంటే కుట్టేదాన్ని" అంది. ఆ ఫోటోలో ఆ చిరుగు నాకు కనపడలేదు, అతనికీ కనపడలేదు. అతను ఆ చిరుగునే చూస్తా ఉండిపోయాడు. ఆ ప్రింటు ఇప్పుడు మా వసారాలో ఉంది. కింద ఆమె పేరు రాయించాం.

కాబట్టి నన్ను వెక్కిరించినవాళ్ళకి కోపంగా కాదు, ప్రేమగానే చెప్తన్నా. సాయంత్రం రచ్చబండ కాడ ఫోన్లో రీల్సు చూసే రెండు గంటల్లోంచి నెలకి రెండు పూటలు తీస్తే చాలు. మీ టౌన్లో క్లబ్బు ఉంటే వెళ్ళి అడగండి, కాదనరు. లేకపోతే నలుగురు కలిసి మీరే పెట్టుకోండి. ఆడవాళ్ళని కూడా తీసుకెళ్ళండి, కల్లంలో ఏం జరుగుతుందో మనకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు.

వచ్చే ఆదివారం పొద్దున 7 గంటలకి మా కల్లం కాడ మా ఊరివాళ్ళకి నష్టం ఫోటోలు ఎట్టా తియ్యాలో నాకొచ్చింది చూపిస్తా. డాక్టరు గారు, ఆ బ్యాంకు కుర్రాడు కూడా వస్తామన్నారు. ఫోను చార్జింగ్ పెట్టుకుని రండి. పెద్దమ్మ టీ పెడతానంది.

నారు నాటే పనులున్నాయి, కామెంట్లకి రాత్రికి జవాబిస్తా. ఉంటాను.